ఒక ఈతకు రెండు పిల్లలు: గొర్రె రక్తంలో మిగిలిన చరిత్ర

మన సంఘాల్లో అప్పు తీసుకుని జీవాలు కొనే అక్కాచెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. గొర్రెను కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, పొదుగు చూస్తాం, నడక చూస్తాం. మందలో ఏ పొట్టేలును ఉంచాలి, ఏది అమ్మాలి అని ఇంట్లో మాట్లాడుకుంటాం. మన అత్తలు, వాళ్ళ అత్తలు కూడా ఇట్లనే చేశారు. వాళ్ళు చేసిన ఎంపికలు ఏ పుస్తకంలోనూ లేవు. కానీ జీవాల డీఎన్ఏలో వాటి గుర్తులు ఉన్నాయి. ఇప్పుడు శాస్త్రవేత్తలు వాటిని చదవగలుగుతున్నారు. అట్లా చదివిన వాటిలో ఒక చిన్న గొర్రె కథ మనకు పనికొచ్చేది.

బెంగాల్‌లో సుందరబన్ ప్రాంతంలో గరోల్ అనే గొర్రె ఉంది. పెద్దదైనా 10 నుంచి 15 కిలోలే తూగుతుంది. ఉప్పునీటి బురద నేలల్లో, చిత్తడిలో మేస్తుంది. చిన్న రైతుల ఇళ్ళ దగ్గర రెండు మూడు చొప్పున పెంచుకుంటారు. దీని గొప్పతనం ఏమిటంటే, ఒక ఈతకు రెండు పిల్లలు మామూలు, మూడు కూడా పెడుతుంది.

1792, 1793 సంవత్సరాల్లో కలకత్తా నుంచి ఓడల్లో బెంగాల్ గొర్రెలను ఆస్ట్రేలియాకు తీసుకుపోయారు. అప్పుడే అక్కడ ఇంగ్లీషువాళ్ళు కొత్తగా స్థిరపడుతున్నారు. తర్వాత ఉన్ని కోసం మెరీనో గొర్రెలు వచ్చాయి, బెంగాల్ గొర్రెల మాట అందరూ మరిచిపోయారు.

సుమారు నూట యాభై ఏళ్ళు గడిచాక, బూరూలా అనే ఫారంలో సీయర్స్ అన్నదమ్ములు తమ మెరీనో మందలో ఎక్కువ పిల్లలు పెట్టే తల్లులను అమ్మకుండా ఉంచుకుంటూ వచ్చారు. 1958లో, ఒకే ఈతలో పుట్టిన ఐదు పిల్లల్లో ఒక పొట్టేలును ప్రభుత్వ పరిశోధన సంస్థకు ఇచ్చారు. అక్కడ గొర్రెల పెంపకం మీద పని చేస్తున్న హెలెన్ న్యూటన్ టర్నర్ అనే ఆమె ఈ విషయం మీద పట్టుదలగా పరిశోధన నడిపింది. ఆమె ఆ సంస్థలోకి మొదట ఆఫీసు సెక్రటరీగా వచ్చింది. లెక్కలు నేర్చుకుని, ఆ దేశంలో గొర్రెల పెంపకానికే దారి చూపిన శాస్త్రవేత్త అయింది.

2001లో అసలు కారణం దొరికింది. ఒక జన్యువులో ఒకే ఒక అక్షరం మారింది. ఆ మార్పు ఉన్న గొర్రె ఎదకు వచ్చినప్పుడు ఒక గుడ్డుకు బదులు ఎక్కువ గుడ్లు విడుదల అవుతాయి. మరుసటి ఏడాది గరోల్ గొర్రెలను పరీక్షిస్తే, వాటిలోనూ సరిగ్గా అదే మార్పు కనిపించింది. ఓడలో పోయిన బెంగాల్ గొర్రెల రక్తమే బూరూలా మందలో దాగి ఉందని అట్లా అర్థమైంది.

మరి మనిషి ఎంపిక చేసిన గుర్తును ఎట్లా పట్టుకుంటారు? విత్తనానికి ఒక మంచి కంకిని దాచుకున్నామనుకోండి. మనకు నచ్చింది అందులో ఒక గుణమే, కానీ మిగతా గుణాలన్నీ కూడా దాని వెంట వస్తాయి. జీవాల్లోనూ అంతే. నచ్చిన జన్యువుతో పాటు దాని అటూ ఇటూ ఉన్న డీఎన్ఏ ముక్క కూడా తరతరాలకు పోతుంది. మామూలు చోట్ల ఒక్కో గొర్రెకు ఒక్కో రకంగా రాత ఉంటది. ఎంపిక జరిగిన చోట మాత్రం మందంతా ఒకే రాత కనిపిస్తుంది. తరాలు గడిచే కొద్దీ ఆ ఉమ్మడి ముక్క పొట్టి అవుతుంది. అందుకే దాని పొడవును బట్టి ఎంపిక పాతదా, కొత్తదా అని అంచనా వేస్తారు.

2012లో ప్రపంచంలోని 74 జాతుల నుంచి 2,800కు పైగా గొర్రెలను ఇట్లా పరిశీలించిన ఫలితాలు వచ్చాయి. వాటిలో గరోల్ ఉంది, మన దక్కని గొర్రె కూడా ఉంది. అన్నిటికంటే గట్టి గుర్తు కొమ్ములకు సంబంధించిన జన్యువు దగ్గర దొరికింది. అంటే కొమ్ములు లేని గొర్రెలను మనుషులు ఎన్నో తరాలుగా ఏరుకుంటూ వచ్చారు.

ఈ తెలివిని పనిలో పెట్టింది మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో ఉన్న నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ. దక్కని గొర్రె సాధారణంగా ఒక పిల్లనే పెడుతుంది. అక్కడ గరోల్ నుంచి ఆ ఒక్క జన్యువును దక్కనిలోకి తెచ్చారు, మళ్ళీ మళ్ళీ పెద్ద గొర్రెలతో దాటించి గరోల్ చిన్న సైజు పోయేట్టు చేశారు. అట్లా వచ్చిన రకానికి నారి సువర్ణ అని పేరు. ఈ పనిని ముందుండి నడిపిన వారిలో చందా నింబ్‌కర్ అనే మహిళా శాస్త్రవేత్త ఒకరు. పొట్టేలు ఈనదు కాబట్టి అందులో కవలల గుణం ఉందా లేదా అనేది కంటికి తెలియదు. రక్త పరీక్షతో తెలుస్తుంది.

అయితే రెండు పిల్లలంటే ఉత్త లాభమే కాదు. తల్లికి పాలు చాలాలి, చూడి చివరి నెలల్లో దాణా పెట్టాలి, బలహీనమైన పిల్లకు పాలు పట్టాలి. ఆ చాకిరి ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడుతుంది. మేత తక్కువున్న ఇంట్లో ఒక గట్టి పిల్లే మేలు. అప్పు పెట్టి కొనే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

ఇంకొక మాట. మన తెలంగాణలో కురుమలు తరతరాలుగా పెంచిన నల్ల దక్కని గొర్రె, గొంగడికి ఉన్ని ఇచ్చే గొర్రె, తగ్గిపోతోంది. బరువు కోసం చాలా మందల్లోకి నెల్లూరు పొట్టేళ్ళు వచ్చాయి. ఇరవై గొర్రెలకు ఒక పొట్టేలుంటే, పుట్టే ప్రతి పిల్లలో సగం వారసత్వం ఆ ఒక్కదానిదే. కాబట్టి చివరి దక్కని పొట్టేలు కోతకు పోతే, ఎండకు, నడకకు తట్టుకునేట్టు మన పెద్దలు ఏరి పెట్టిన ఆ రాత మళ్ళీ రాదు.

ప్రయోగశాల మనకు దూరం కావచ్చు, నోటు పుస్తకం మాత్రం దగ్గరే. ఏ గొర్రె ఎప్పుడు ఈనింది, ఎన్ని పిల్లలు, ఎన్ని బతికాయి, తండ్రి ఏది అని పొదుపు లెక్కలతో పాటే రాసి పెట్టుకుందాం. వచ్చే ఏడు పొట్టేలును ఎంచుకునేటప్పుడు ఆ పుస్తకం తెరిచి చూద్దాం.