చెరువు కట్ట మీద నడక: నీరడి అనే ఇంటిపేరు కథ

(మన ఊరు - మన చరిత్ర, 14వ భాగం)



పోయిన ఆదివారం కామారెడ్డి, ఎల్లారెడ్డి కాలేజీ పిల్లలు పదకొండు మంది నా వెంట నడిచారు. "అన్నా, పరీక్షలైపోయినయ్. ఎక్కువ కష్టం లేకుండా చెరువు, అడవి, పాత కోట చూసొద్దాం" అని వాళ్లే అడిగారు. సరే అన్నాను. ఒక్క షరతు పెట్టాను. ప్రతి చోటా "ఇది ఎవరు కట్టించారు" అని కాకుండా "ఎవరు కట్టారు, కట్టినోళ్లకు ఏం దక్కింది" అని అడగాలి. నడక తేలికే. ప్రశ్నే బరువు.

మొదట పోచారం వెళ్లాం. నాగిరెడ్డిపేట మండలంలో మంజీరకు ఉపనది అయిన ఆలేరు వాగు మీద 1916 నుంచి 1922 మధ్య నిజాం ప్రభుత్వం కట్టిన ప్రాజెక్టు ఇది. దీని నీళ్లు ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట పొలాలకు పారుతాయి. వానాకాలం మత్తడి దుంకితే హైదరాబాద్ నుంచి కూడా జనం చూడవస్తారు. కట్ట మీద నడిస్తే ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పచ్చటి వరి. ముసలివాళ్లు కూడా అలసిపోకుండా నడవగలరు.

2025 ఆగస్టు ఆఖరులో కామారెడ్డి, మెదక్ జిల్లాల మీద కుండపోత కురిసినప్పుడు ఈ కట్ట గురించే అందరం భయపడ్డాం. కట్టినప్పుడు అనుకున్న దానికంటే చాలా ఎక్కువ వరద మీద పడింది. పక్కన మట్టి కోసుకుపోయింది. కింది ఊళ్లను ఖాళీ చేయించారు. వందేళ్లు దాటిన కట్ట మాత్రం నిలబడింది. ఆ వారమంతా సోషల్ మీడియాలో నిజాం ఇంజనీర్లను పొగిడారు. పొగడాల్సిందే, నాకు అభ్యంతరం లేదు. కానీ ఇంజనీరు గీసింది కాగితం మీద. రాయి కొట్టింది, మట్టి మోసింది వడ్డెరలు, కూలి జనం. వాళ్లను తలుచుకున్న పోస్టు నాకు ఒక్కటీ కనపడలేదు.

కట్ట మీద కూర్చుని పిల్లలకు మా తాత గురించి చెప్పాను. మా తాత మా ఊరి చెరువుకు నీరటి. కొన్ని ఊళ్లలో నీరడి అంటారు. తెలంగాణలో చాలా ఊళ్లలో ఈ పని మాల, మాదిగ కుటుంబాలదే. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, ఏ మడికి ముందు నీళ్లు పెట్టాలి, ఎవరి వంతు ఎప్పుడు ముగుస్తుంది, అంతా నీరటికి తెలియాలి. వాన రాత్రి ఊరంతా పడుకుంటే ఆయన లాంతరు పట్టుకుని కట్ట మీద తిరగాలి. ఎక్కడ బుంగ పడింది, ఎక్కడ మట్టి జారుతోంది చూడాలి. గండి పడేలా ఉంటే ఊరిని లేపాలి. ఇంత పనికి జీతం లేదు. పంట కళ్లం మీదికి వచ్చినప్పుడు రైతులు కొలిచిపోసే మేర, కొన్ని చోట్ల కొద్దిపాటి ఇనాం భూమి. అంతే.

చెరువు కింద ప్రతి ఎకరానికీ నీళ్లు పంచిన మా తాత ఇంటికి తాగే నీళ్లు ఎక్కడివో తెలుసా? వాగు ఇసుకలో తోడుకున్న చెలిమె నుంచి. ఊరి బావి దగ్గర మా నాయినమ్మ కుండ దూరంగా పెట్టి నిలబడాలి. ఎవరైనా దయతలచి పోస్తే పోసినట్టు, లేకపోతే చెలిమే గతి. ఊరి నీళ్లన్నిటి లెక్క మా తాత దగ్గర ఉంది. బావి గిలక మీద చెయ్యి వేసే హక్కు లేదు.

ఇక్కడ మూడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. పోచారం తర్వాత, 1923లో, మంజీర మీద నిజాంసాగర్ పని మొదలైంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పర్యవేక్షణలో 1931కి పూర్తయింది. దాని కింద సుమారు 40 ఊళ్లు ఖాళీ అయ్యాయి. అదే 1923 ఆగస్టు 4న బొంబాయి శాసనమండలి ఎస్.కె. బోలే పెట్టిన తీర్మానాన్ని ఆమోదించింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చెరువులు, బావులు, ధర్మశాలలు అంటరానివాళ్లకూ తెరవాలన్నది ఆ తీర్మానం. నాలుగేళ్లయినా అది కాగితం మీదే ఉంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో మహాడ్‌లో చవదార్ చెరువుకు నడిచి వెళ్లి దోసిలితో నీళ్లు తాగారు. ఆ దోసెడు నీళ్లకు దెబ్బలు తిన్నారు, కోర్టు మెట్లెక్కారు. పదేళ్ల తర్వాత 1937లో గానీ బొంబాయి హైకోర్టు మనవాళ్ల పక్షాన తీర్పు చెప్పలేదు.

అంటే నిజాంసాగర్ గోడ లేస్తున్న రోజుల్లోనే పక్క రాష్ట్రంలో ఒక చెరువు నీళ్లు తాగడానికి మన జనం తలలు పగలగొట్టించుకున్నారు. గోడ కట్టడం కన్నా దోసిలి పట్టడం కష్టమైన దేశం మనది.

కట్ట దిగి అడవి బాట పట్టాం. పోచారం అభయారణ్యం దాదాపు 130 చదరపు కిలోమీటర్లు, మెదక్, కామారెడ్డి జిల్లాల్లో పరుచుకుని ఉంది. ఒకప్పుడు నిజాం వేటకు వచ్చిన అడవి, 1952లో అభయారణ్యమైంది. జింకల పెంపక కేంద్రం ఉంది. చలికాలం పొద్దున వెళ్తే వలస పక్షులు కనిపిస్తాయి. బాట చదునుగా ఉంటుంది. టేకు, తునికి చెట్ల నీడలో మాట్లాడుకుంటూ నడవొచ్చు.

వేట అంటే మనకు ఫోటోలో తుపాకి పట్టుకున్న నవాబు గుర్తొస్తాడు. ఆ తుపాకి ముందుకు జంతువును తోలుకొచ్చిందెవరు? డప్పులు కొట్టి, కేకలు వేసి, పొదల్లోంచి హాకా కొట్టినవాళ్లు. అధికారులు గుడారం వేస్తే సామాను మోయడం, కట్టెలు కొట్టడం, నీళ్లు తేవడం ఊరి మీద పడే వెట్టి. మా తాత ఒక మాట అనేవాడు: "పులి మా దిక్కు తిరిగితే మా సావు, దొర దిక్కు తిరిగితే దొర పేరు."

ఆ వెట్టి పోయింది, అడవి చట్టం వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఆదివాసీలు కాని వాళ్లు హక్కు అడగాలంటే 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, ఆ అడవి మీద బతికినట్టు రుజువు చూపాలి. లెక్క కట్టండి, 1930 అవుతుంది. 1930లో వెట్టి చేసే మాదిగ పేరు మీద ఏ కాగితం పుడుతుంది? అడవి అంచున పశువులు కాసి, ఎండాకాలం తునికాకు ఏరి బతికిన దళిత కుటుంబం దగ్గర జ్ఞాపకం ఉంటుంది, దస్తావేజు ఉండదు. ఇవాళ్టికీ మన జిల్లాలో ఆడవాళ్లు ఆ ఆకుతోనే బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్నారు. చట్టం చదివే విద్యార్థులు ఈ నిబంధన దగ్గర ఆగి ఆలోచించాలి.

సాయంత్రానికి దోమకొండ చేరాం. కామినేని వంశం సంస్థానాధీశుల కోట. లోపల కాకతీయుల నాటి శైలిలో మహాదేవుని గుడి ఉంది. పునరుద్ధరణ పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో అవార్డ్ ఆఫ్ మెరిట్ దక్కింది. నిజంగానే అందమైన కట్టడం, చూడండి. చూస్తున్నప్పుడు నాకు మాత్రం మా అమ్మ గుర్తొచ్చింది. కొన్నేళ్ల కింద ఆమెను వేరే ఊళ్లో పాడుబడ్డ ఒక గడి చూడటానికి తీసుకుపోయాను. దొర లేడు, తలుపు లేదు, గోడల మీద రావిచెట్లు మొలిచాయి. అయినా వాకిలి దగ్గర ఆమె ఆగి, వంగి, చెప్పులు చేతిలోకి తీసుకుంది. "ఎందుకమ్మా?" అంటే ఆమెకే తెలియదు. గడి ముందు చెప్పులతో నడవొద్దన్న కట్టుబాటు గడి కూలినా ఆమె కాళ్లలో మిగిలింది. శిథిలాలంటే రాళ్లే కాదు మిత్రులారా.

ఇక ఈ ముక్క రాయడానికి అసలు కారణం చెప్తాను. పోచారం కట్ట మీద నేను నీరటి పని గురించి చెప్తుంటే డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి నోట్‌బుక్ మూసేసింది. కాసేపాగి, "అన్నా, మా ఇంటిపేరే నీరడి. కాలేజీలో ఎవరన్న అడుగుతరని ఉత్త 'ఎన్' అని రాస్త" అంది. ఎవరూ మాట్లాడలేదు. నాకూ మాట రాలేదు. మెదక్, నిజామాబాద్ వైపు ఈ ఇంటిపేరున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. నీటి శాస్త్రం తెలిసిన మనుషుల పేరది. దాన్ని కులం గుర్తుగా మార్చి, ఒక పిల్ల ఒక్క అక్షరం వెనక దాక్కునేలా చేశారు.

1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. ఊరి కింది స్థాయి సేవకులు మాత్రం పేరు మారి గ్రామ రెవెన్యూ సహాయకులుగా ఏళ్ల తరబడి అరకొర వేతనంతోనే పనిచేశారు. సమ్మెలు చేశాక, 2023లో ప్రభుత్వం 20,555 మంది వీఆర్ఏలను వేర్వేరు శాఖల్లో సర్దుబాటు చేసింది. మరోపక్క 2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైంది మన సదాశివనగర్ పాత చెరువు దగ్గరే. రాష్ట్రమంతా 46 వేలకు పైగా చెరువులను లెక్కపెట్టారు. చెరువును లెక్కపెట్టినవాళ్లు దాన్ని కాపాడిన నీరటిని లెక్కపెట్టలేదు. పూడిక మట్టి పొలం ఉన్నవాడికి చేరింది. పొలం లేనివాడికి మట్టి ఏం చేసుకోవాలి?

అందుకని ఈ సెలవుల్లో మీరూ నడవండి. పోచారం వెళ్లండి, నిజాంసాగర్ వెళ్లండి, దోమకొండ వెళ్లండి. అంతకన్నా ముందు మీ ఊరి చెరువు కట్ట మీద నడవండి. వాడలో డెబ్బై ఏళ్లు దాటిన అవ్వనో తాతనో వెంట తీసుకుపొండి. ఈ చెరువుకు నీరటి ఎవరు, మేర ఎంత ఇచ్చేవాళ్లు, ఇనాం భూమి ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది, మన కుండ ఎక్కడ నిండేది అని అడగండి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. వాళ్లు పోయాక ఆ రికార్డు ఏ ఆఫీసులోనూ దొరకదు.

సాయంత్రం బస్సు ఎక్కేముందు హాజరు కాగితం పిల్లల చేతికిచ్చాను, ఎవరెవరు వచ్చారో రాసుకుందామని. ఇంటికొచ్చి చూశాను. తొమ్మిదో వరుసలో ఆ అమ్మాయి తన ఇంటిపేరు పూర్తిగా రాసింది.

వచ్చే భాగంలో జుక్కల్ వైపు కౌలాస్ కోటకు పోదాం. మీ ఊరి నీరటి గురించి తెలిసింది ఈలోగా కింద రాయండి.

జై భీమ్.