జూ పక్షుల ఫొటోగ్రఫీ

జంతు ప్రదర్శనశాలలో జాలీ వెనక ఉన్న పక్షులను టెలిఫొటో లెన్సుతో తీయడాన్ని జూ పక్షుల ఫొటోగ్రఫీ అంటారు. వరంగల్–ఖమ్మం రహదారి మీదున్న వర్ధన్నపేట వారికి ఇందుకు దగ్గరి చోటు హనుమకొండ హంటర్ రోడ్డులోని కాకతీయ జంతు ప్రదర్శనశాల. 1985లో మొదలైన ఈ జూ సుమారు 50 ఎకరాల్లో ఉంది. వన విజ్ఞాన కేంద్రం అన్నది దీని పాత పేరు. ఇంకా పెద్దది కావాలంటే హైదరాబాదులో 1963 అక్టోబరు 6న తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉంది. అది సుమారు 380 ఎకరాలు.

దూరాన్ని దగ్గర చేయడానికే టెలిఫొటో అని చాలామంది అనుకుంటారు. జూలో పక్షి ఎలాగూ నాలుగైదు మీటర్ల దూరంలోనే ఉంటుంది. అక్కడ ఈ లెన్సు చేసే అసలు మేలు వేరు: అది జాలీని మాయం చేస్తుంది. 300 మి.మీ. లెన్సును ఎఫ్/5.6 దగ్గర ఉంచితే కాంతి లోపలికి వచ్చే ద్వారం (ఎపర్చరు) వెడల్పు సుమారు 54 మి.మీ. అంత వెడల్పుకు అడ్డం వచ్చిన రెండు మిల్లీమీటర్ల తీగ కొద్దిపాటి కాంతినే ఆపగలదు. ఫోకస్ వెనకనున్న పక్షి మీద నిలిచినప్పుడు తీగ పలచటి మసకగా చెదిరిపోయి కంటికి ఆనదు. ఇందుకు మూడు షరతులు: ఎపర్చరు పూర్తిగా తెరిచి ఉండాలి, లెన్సు జాలీకి వీలైనంత దగ్గరగా ఉండాలి, పక్షి జాలీకి దూరంగా ఉండాలి. మూడోది మన చేతిలో లేదు. పక్షి లోపలి కొమ్మ మీదికి వెళ్లేదాకా ఓపిక పట్టాల్సిందే.

ఇవన్నీ కుదిరినా బొమ్మ తెల్లబారిందంటే తప్పు సాధారణంగా ఎండది. జింకు పూత తీగ మీద ఎండ పడితే అది మెరిసి, ఆ మెరుపు ఫొటో అంతా పొగలా పరుచుకుంటుంది. చెట్టు నీడ పడిన జాలీ భాగాన్ని వెతుక్కుని అక్కడి నుంచి తీయాలి. లెన్సుకు హుడ్ పెట్టడం మంచిది. ఫ్లాష్ అసలు వద్దు. ముందు వెలిగేది తీగే, బెదిరేది పక్షి. ఆటోఫోకస్ కూడా తరచుగా తీగనే పట్టుకుంటుంది. ఒకే ఫోకస్ బిందువును పక్షి కంటి మీద నిలపాలి, కుదరకపోతే చేత్తో తిప్పుకోవాలి. పక్షులు తలను చటుక్కున తిప్పుతాయి గనుక షట్టరు వేగం 1/500 సెకనుకు తగ్గకపోతే మేలు. నెమలి మెడ నీలం రంగుద్రవ్యం వల్ల రాదు, ఈక నిర్మాణం కాంతిని తిప్పికొట్టే తీరు వల్ల వస్తుంది. అందుకే సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకుని నిలబడితే అది నిండుగా పలుకుతుంది.

జాలీకి దగ్గర కావాలని సందర్శకుల కంచె దాటకూడదు. పక్షి ఇటు తిరగాలని చప్పట్లు కొట్టడం, గింజలు విసరడం క్రూరమైన పనులు, నేరాలు కూడా. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38జె సెక్షను జూ ప్రాణులను వేధించడాన్ని, వాటికి మేత వేయడాన్ని, చప్పుడుతో కలవరపెట్టడాన్ని నిషేధించింది.

బోనులో తీసిన ఫొటోకు విలువ తక్కువన్న మాట సరికాదు. తూర్పు భారత చిత్తడి నేలల్లో ఒకప్పుడు తిరిగిన గులాబీ తల బాతు 20వ శతాబ్ది మధ్య నుంచి నిర్ధారణగా కనబడలేదు. బతికున్న ఆ బాతు రూపాన్ని ఈనాడు మనకు చూపే ఫొటో 1920లలో ఇంగ్లండులోని ఫాక్స్‌వారెన్ పార్కులో, పెంపుడు పక్షుల మధ్య డేవిడ్ సేత్-స్మిత్ తీసినది. ఎక్కడ, ఎప్పుడు తీశారో తెలిసింది గనుకే అది ఆధారంగా నిలిచింది. మీరు తీసిన ప్రతి ఫొటో కింద జూ పేరు, తేదీ రాయండి; బోనులోని పక్షిని అడవిలో కనబడినట్టు ఎప్పుడూ చూపించకండి.