ఉప్పెన ఊరిని అడగకుండా వేసిన ప్రణాళికలు

1977 నవంబరు 19న కృష్ణా డెల్టాలోని దివిసీమ మీద పడిన ఉప్పెన అధికారిక లెక్కల్లోనే పదివేల మంది వరకు బలిగొంది. ఆ తర్వాత తీరమంతా తుఫాను షెల్టర్లు లేచాయి, సరుగుడు తోటలు పెరిగాయి, కరకట్టల మాట వచ్చింది. ఏది ఎక్కడ కట్టాలన్న నిర్ణయం మాత్రం చాలావరకు ఇంజినీర్లదీ అధికారులదీ. ఆ పద్ధతి ఫలించింది కదా అనేవారికి బలమైన సాక్ష్యమే ఉంది. 1990 మేలో కృష్ణా డెల్టాను తాకిన తుఫానుకు ముందు ఆరు లక్షల మందికి పైగా జనాన్ని తరలించారు. మరణాలు వెయ్యిలోపే ఆగాయి. కాదనలేం. అయితే ఆ జనం ఇల్లూ గొడ్డూ వదిలి కదిలింది కేవలం ఆజ్ఞ వల్లే అనుకోలేం, పదమూడేళ్ల కిందటి శవాలను వాళ్లు మరిచిపోలేదు. 1996 నవంబరులో కోనసీమ, కాకినాడ తీరాన్ని తుఫాను తాకినప్పుడు వేటకు వెళ్లిన మత్స్యకారులు పెద్ద సంఖ్యలో తిరిగి రాలేదు. గట్టు మీద ఎన్ని షెల్టర్లున్నా నడిసంద్రంలో ఉన్నవాడికి అవి అక్కరకు రావు. పడవ దాకా కబురు చేరడమే తమకు ముందు కావాలని మత్స్యకారులు చెప్పగలరు, అడిగితే.

అడిగి చేసిన పని ఉప్పెన ఉధృతిని తగ్గించే మడ అడవుల్లో కనిపిస్తుంది. చెట్లు నరికిన చోట నేల కుంగి, పోటు నీరు నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుంటుంది. అక్కడ నాటిన మొక్క బతకదు. 1990ల చివరలో అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, గోదావరి, కృష్ణా ముఖద్వారాల గ్రామాలవారు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు వచ్చిపోయేలా చేశారు. కాలువల రూపం శాస్త్రజ్ఞులది. తవ్వకం, నాటడం, కాపలా గ్రామ సమితులతో కలిసి సాగాయి. వంటచెరకు, చేపలు, రొయ్యలు మడ నుంచే తెచ్చుకునే ఇళ్లకు దాన్ని కాపాడుకోవడంలో రోజువారీ లాభం ఉంది. షెల్టరుకూ ఇదే వర్తిస్తుంది. బడిగానో సమావేశ మందిరంగానో వాడితే ఎవరో ఒకరు బాగుచేస్తారు. తాళం వేసి ఉంచితే ఉప్పుగాలి తినేస్తుంది.

ఊళ్లో అందరి మాటా ఒకటి కాదు, రైతు కరకట్ట కోరితే మత్స్యకారుడు పాయకు దారి అడుగుతాడు, పెద్దల గొంతే నెగ్గుతుందని అభ్యంతరం. నిజమే. కానీ అడగనంత మాత్రాన ఆ తగాదా పోదు, కట్ట కట్టాక బయటపడుతుంది. ఉప్పెన ఎత్తు లెక్క శాస్త్రజ్ఞులే వేయాలి. ఆ లెక్కను ముందుంచి, ఏ రక్షణకు ఎవరు ఏం పోగొట్టుకుంటారో తూచేటప్పుడు చేపలమ్మే ఆడవాళ్లనూ రొయ్యల చెరువుల కూలీలనూ విడిగా కూర్చోబెట్టి వినాలి. 1977ను కళ్లారా చూసినవాళ్లు దివిసీమలో ఇంకా ఉన్నారు. వచ్చే ప్రణాళిక మంజూరయ్యేలోపే వాళ్లను అడగండి.