రూకకు ఏం పెట్టారు?

మా నాన్న మందుల కంపెనీ ప్రతినిధి. నెలలో ఇరవై రోజులు బస్సుల్లోనే గడిచేవి. ఆయన పోయాక బీరువా అడుగున పదకొండు జేబు డైరీలు దొరికాయి. అప్పుల లెక్కలేమోనని మా అమ్మ భయపడింది. తెరిచి చూస్తే అన్నీ భోజనాల లెక్కలే. ‘తుని. బస్టాండు వెనక మెస్సు. 1.75. పప్పు గట్టిగా ఉంది. వేపుడు నూనె కంపు. పెరుగు నీళ్ళు. మళ్ళీ వెళ్ళను.’ అంతే, ఊరికి మూడు నాలుగు ముక్కలు.

అప్పటికి నేను ఒక వారపత్రికలో హోటళ్ళ మీద శీర్షిక రాస్తున్నాను. ఒకసారి ఒక హోటలు యజమాని గల్లా దగ్గర డబ్బు తీసుకోలేదు. ‘మీరు మా అతిథులండీ’ అని, పొట్లం కట్టించి మరీ పంపాడు. నేనూ మొహమాటపడి ‘అమృతం’ అని రాశాను. పదిరోజులకు ఒక పాఠకుడు కార్డు రాశాడు: ‘అయ్యా, అమృతం రేటెంత? మాకు పెట్టినది సాంబారు మాత్రమే.’ ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను.

హోటలు గురించి నమ్మదగ్గ మాట రాయడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. ఆరువందల ఏళ్ళ కిందటే వచ్చిన ‘క్రీడాభిరామం’ ఉంది. అది వినుకొండ వల్లభరాయుడు రాశాడా, శ్రీనాథుడు రాశాడా అన్నది పండితుల తగాదా. నాకు కావలసింది అందులోని భోజనం. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు కాకతీయుల ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. భోజనం మాట వచ్చినచోట లక్ష్మణవజ్ఝల గారి పూటకూటి ఇల్లు ఒక్క పద్యంలో వస్తుంది. కప్పురభోగి బియ్యపన్నం, గోధుమపిండితో చేసిన వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డలు గడ్డలుగా పెరుగు. అన్నీ కలిపి ఒక రూక.

ఈ పద్యాన్ని తిండిపోతు వర్ణన అని నవ్వేసేవాళ్ళున్నారు. నాకైతే ఇది పద్ధతిగా రాసిన మొదటి హోటలు సమీక్షలా కనిపిస్తుంది. ఎవరింట్లో తిన్నారో చెప్పాడు, ఎంతయిందో చెప్పాడు. పంచదారకు కొలత చెప్పాడు, నెయ్యి ఎప్పటిదో చెప్పాడు. ‘అద్భుతం’ అన్న మాట వాడలేదు. ఆ అవసరమూ పడలేదు, ఆ పెరుగు గడ్డలే చాలు. విస్తట్లో పచ్చిమిరపకాయ లేదేమని వెతక్కండి, మిరప అప్పటికింకా సముద్రం దాటి రాలేదు. సురవరం ప్రతాపరెడ్డి గారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసేటప్పుడు ఈ కావ్యాన్ని అంతగా వాడుకున్నారంటే కారణం ఇదే. రాజుల బిరుదులను నమ్మడానికి శాసనాలు కావాలి. ఈ విస్తరిని నమ్మడానికి దాని ధర చాలు.

తిట్టిన సమీక్షకూ మనకు పాత నమూనా ఉంది. శ్రీనాథుడిదని చెప్పుకునే చాటువొకటి పల్నాటి భోజనం మీదది. పూతన విషం తాగానని, కార్చిచ్చు మింగానని గొప్పలు పోతావే కృష్ణా, చింతచిగురు వేసిన ఈ బచ్చలికూర జొన్నకూటితో ఒక్క ముద్ద మింగి చూపించు అంటాడు. నవ్వొస్తుంది, నిజమే. కానీ అది సన్నన్నానికి అలవాటుపడినవాడి కోపం. జొన్నలు పండే నేల జొన్నలు పెట్టింది, అందులో దాని తప్పేముంది?

‘కన్యాశుల్కం’ నాటికి పూటకూళ్ళమ్మకు పేరు కూడా మిగల్లేదు. సంతలో సామాన్లు తెచ్చిపెడతానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి గిరీశం మధురవాణి కింద ఖర్చుపెట్టేశాడు. ఆ ఇంటి పప్పు ఎలా ఉండేదో మాత్రం గురజాడ చెప్పలేదు. వండినవాళ్ళ గోడు ఎవరికీ పట్టలేదు.

నాన్న డైరీలు చదువుతుంటే నాకు డంకన్ హైన్స్ గుర్తొచ్చాడు. షికాగోలో ఒక ముద్రణ సంస్థ తరఫున ఊళ్ళు తిరిగిన సేల్స్‌మన్ ఆయన. 1935 క్రిస్మస్‌కు గ్రీటింగు కార్డులకు బదులు, తను తిన్న 167 మంచి హోటళ్ళ జాబితా అచ్చువేయించి స్నేహితులకు పంపాడు. అడిగేవాళ్ళు ఎక్కువై మరుసటేడు పుస్తకం చేశాడు. హోటళ్ళ నుంచి ప్రకటనలు తీసుకోలేదు. (ఇప్పుడా పేరు కేకుపొడి పెట్టెల మీద ఉంది. అది వేరే కథ.) టైర్ల కంపెనీ మిషెలిన్ 1900లో వాహనదారులకు ఉచితంగా పంచిన గైడు కూడా 1926లో చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. దాని తనిఖీదారులు పేరు చెప్పకుండా తిని, బిల్లు కట్టి వస్తారు. న్యూయార్క్ టైమ్స్‌లో క్రెయిగ్ క్లైబోర్న్ 1960లలో పెట్టిన కట్టుబాటూ అదే. ఒకటికి రెండుసార్లు వెళ్ళి తినాలి, డబ్బు పత్రికే కట్టాలి.

మా నాన్నకు వీళ్ళెవరూ తెలియదు. అయినా డైరీల్లో కొన్ని ఊళ్ళ దగ్గర రేటు ఉండదు, రుచి మాటా ఉండదు, ‘షాపు వారు పెట్టించారు’ అని మాత్రం ఉంటుంది. మందులషాపువాళ్ళు పెట్టిన విందుకు ఆయన మార్కులు వేయలేదన్నమాట. ఆ సంగతి అర్థమయ్యాక నా ‘అమృతం’ గొంతులో అడ్డం పడింది. ఆ తర్వాత రాసిన ప్రతి వారమూ బిల్లు కాగితం అతికించుకుని రాశాను.

మీ ఇళ్ళలో కూడా ఊళ్ళు తిరిగిన ఉద్యోగుల డైరీలు, మెస్సు టోకెన్లు, నూనె మరకల బిల్లులు ఉండే ఉంటాయి. పాతకాగితాలవాడికి వేసే ముందు ఒక్కసారి తిరగేయండి.