చూచుటయు, గుర్తించుటయు: యుద్ధకాలమున అండమాను దీవులు

చూచుట యొకటి, గుర్తించుట మరియొకటి. ఆకాశమున నొక విమానము పోవుచుండగా ఊరివారందరును తలలెత్తి చూతురు. అది యెవరిది, ఏ పనికై వచ్చినది, పోరు విమానమా, గస్తీ విమానమా యని నిశ్చయముగా చెప్పగలవాడు వేయిమందిలో నొక్కడుండును. ఆ యొక్కని మాట నిజమైనచో ఒక రేవు పట్టణము ముందుగా మేలుకొనును. గుర్తింపులేని యనుమానమే రాజ్యమేలినచో నిరపరాధుల ప్రాణములు పోవును. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ రెండు సత్యములును బంగాళాఖాతముపై ఋజువైనవి. అందు రెండవదానికి అండమాను దీవులు చెల్లించిన మూల్యము మిక్కిలి పెద్దది.

ఈ దీవులు తెలుగువారికి దూరమైనవి కావు. పోర్టు బ్లేరు నగరము విశాఖపట్టణమునకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున నున్నది. 2024లో దానికి శ్రీ విజయపురమని పేరిడిరి. ఒకప్పుడు అండమానులనగా ద్వీపాంతరవాస శిక్షయే మనవారికి స్ఫురించెడిది. 1922-24 నాటి మన్యపు తిరుగుబాటులో పాల్గొన్నవారిలో కొందరిని అక్కడికే పంపిరి. కాకినాడ బాంబు కేసున శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి గారును ఆ సెల్యులర్ జైలు గోడల నడుమ దినములు గడపినవారే. నేడు ఉద్యోగముల మూలమునను, వర్తకముల మూలమునను, చేపలవేట మూలమునను అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు. కావున ఆ దీవుల చరిత్రము కొంతవరకు మన చరిత్రమే.

1942 మార్చి 8వ తేదీన రంగూను పట్టణము జపానువారి వశమయ్యెను. అటుపిమ్మట అండమానులను కాపాడుట సాధ్యము కాదని తలచి బ్రిటిషువారు అచ్చటి సైన్యమును మరలించుకొనిరి. మార్చి 23వ తేదీన జపాను దళములు పోర్టు బ్లేరునందు దిగెను. వారిని ఎదిరించిన వారు లేరు. కొలది దినములలోనే ఆ రేవునందు కవానిషి నీటివిమానములు వ్రాలెను. నేలపై మైదానమక్కరలేక నీటిమీదనే దిగి, నీటిమీదనుండియే యెగురగల ఆ పెద్ద విమానములు గంటలకొలది సముద్రముపై తిరుగుచు నౌకల జాడలు తీయగలిగియుండెను. బంగాళాఖాతము మధ్య నొక కన్ను మొలచినట్లయ్యెను.

ఈ కన్నును పొడువవలెనన్నచో ముందు దానిని గుర్తింపవలయును. విమానమును గుర్తించు విద్యకు నాలుగు అంగములు కలవు: రెక్కలు, ఇంజనులు, కాయము, తోక. కవానిషి నీటివిమానమునకు రెక్క కాయమునకు అంటుకొనక, కమ్మీలమీద గొడుగువలె ఎత్తుగా నిలిచియుండును. ఇంజనులు నాలుగు. తోకయందు నిలువు చుక్కానులు రెండు. మిత్రరాజ్యములవారి కాటలీనా నీటివిమానమునకును రెక్క అట్లే ఎత్తున నుండును. కాని దానికి ఇంజనులు రెండే, నిలువు చుక్కాని యొక్కటే. బ్రిటిషువారు వాడిన హడ్సను విమానమునకు తోకయందు రెండు చుక్కాను లుండును గాని ఇంజనులు రెండే. తోక మాత్రమే చూచినవాడు హడ్సనును కవానిషి యనుకొనును. రెక్క మాత్రమే చూచినవాడు కాటలీనాను కవానిషి యనుకొనును. నాలుగు అంగములను కలిపి చూచినవానికే సందేహము తీరును. అందుచేతనే ఆ కాలమున విమానముల నల్లని నీడబొమ్మలను అట్టలమీద, చివరకు పేకముక్కలమీద సయితము అచ్చువేసి సైనికులకును పౌరులకును అభ్యాసము చేయించిరి. జపాను విమానముల అసలు పేర్లు నోరు తిరుగనివి గనుక 1942 మొదలుకొని వానికి సులభమైన మారుపేర్లు పెట్టిరి. పోరు విమానములకు మగవారి పేర్లు, బాంబు విమానములకును నీటివిమానములకును ఆడువారి పేర్లు. ఆ విధముగా కవానిషి నీటివిమానము 'మేవిస్' అయ్యెను.

1942 ఏప్రిల్ 14, 18 తేదీలలో హడ్సను విమానములు పోర్టు బ్లేరు రేవుపై దాడిచేసి నీటిమీద నిలిచియున్న ఆ విమానములను దెబ్బతీసెను. అంతకు కొన్ని దినములు ముందుగా గుర్తింపు విలువ యెంతటిదో తెలిపిన ఉదంతము సింహళము చెంత జరిగెను. ఏప్రిల్ 4వ తేదీన కెనడా దళమువాడగు లెనార్డ్ బర్చల్ నడపుచుండిన కాటలీనా విమానము సింహళమునకు ఆగ్నేయముగా జపాను మహానౌకాదళమును కనుగొనెను. శత్రువిమానములు తరిమి కూల్చులోపల అతని విమానమునుండి రేడియోవార్త వెలువడెను. బర్చల్ బందీ యయ్యెను. కాని దాడి రానున్నదని సింహళమునకు ఒక దినము ముందుగా తెలిసెను.

తెలుగుదేశపు తీరమునకును ఆ వారముననే యుద్ధము వచ్చెను. ఏప్రిల్ 6వ తేదీన ర్యూజో యను జపాను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. అంతవరకు యుద్ధమనగా పత్రికలలో చదువు విషయము. ఆనాటితో అది ఇంటి గుమ్మమునకు వచ్చిన విషయమయ్యెను. రేవున నిలిచి చూచినవారిలో ఎందరికి అవి పరాయి విమానములని ముందుగా తెలిసియుండును? బాంబు పడిన పిదప గుర్తింపుతో పనిలేదు.

ఇక అండమానుల లోపలి కథ. జపానువారి బలమెంత, వారి నౌక లెన్ని, తుపాకు లెచ్చట నున్నవి యను సంగతులు తెలిసికొనుటకు బ్రిటిషువారు 1943 జనవరిలో నొక చిన్న దళమును పంపిరి. ఒకప్పుడు ఆ దీవులలో పోలీసు అధికారిగా పనిచేసిన డెనిస్ మెకార్తి దానికి నాయకుడు. వెంట కొలదిమంది భారతీయ సైనికు లుండిరి. డచ్చివారి జలాంతర్గామి యొకటి వారిని మధ్య అండమాను పడమటి తీరమున దింపెను. దట్టమైన అడవులలో రహస్యముగా సంచరించుచు వారు తాము చూచినదానిని లెక్కించి తెలిపిరి. అటుపిమ్మటను ఇట్టి దళములు వచ్చి పోవుచునే యుండెను. వారి పని పోరాటము కాదు. చూచుట, లెక్కించుట, గుర్తించుట, తెలుపుట.

జపానువారికి ఈ రహస్యదళములు చిక్కలేదు. సముద్రమున తమ నౌకలకు నష్టము కలుగుచుండగా, తమ గుట్టు బయటికి పోవుచున్నదని మాత్రము వారికి తోచెను. వార్త పంపువా రడవిలో నుండగా, అనుమానము పట్టణముపై పడెను. ఆక్రమణ జరిగిన కొలది దినములకే మేజర్ బర్డ్ అను బ్రిటిషు అధికారిని గూఢచారియను నేరముపై బహిరంగముగా శిరచ్ఛేదము చేసియుండిరి. పిదప ఆ నేరము ద్వీపవాసులైన భారతీయుల మీదికి మరలెను. చదువుకొన్నవారు, ఉద్యోగులు, వైద్యులు, ఉపాధ్యాయులు చెరసాలల పాలైరి. చిత్రహింసలచే ఒప్పుకోళ్ళు రాబట్టిరి. ఒకడు బాధ తాళలేక పలికిన పేరు మరియొకని అరెస్టునకు కారణమయ్యెను.

పంజాబీ కవియు, వైద్యుడును, ప్రజానాయకుడును అగు డాక్టరు దివాన్ సింగ్ 1943లో నిర్బంధింపబడి, హింసల ఫలితముగా 1944 జనవరి 14వ తేదీన సెల్యులర్ జైలులో మరణించెను. ఆ నెల 30వ తేదీన హంఫ్రేగంజ్ అను గ్రామమువద్ద 44 మందిని గూఢచారులని కాల్చి గోతిలో పూడ్చిరి. సరిగా నెల దినముల క్రిందటనే, అనగా 1943 డిసెంబరు 30వ తేదీన, నేతాజీ సుభాష్ చంద్ర బోసు పోర్టు బ్లేరునందు జాతీయ పతాకమును ఎగురవేసియుండెను. ఆజాద్ హింద్ ప్రభుత్వము పక్షమున వచ్చిన లోకనాథన్ గారి చేతికి విద్యాశాఖ దక్కినది గాని పోలీసు అధికారము దక్కలేదు. గూఢచారి కేసులు సాగుచుండగా దానిని వదలుకొనుటకు జపానువారు సమ్మతింపలేదు. స్వతంత్రపతాకము ఎగిరిన నేలమీద స్వజనులను కాపాడు శక్తి మాత్రము స్వజనులకు లేకపోయెను.

1944 జూన్ 21వ తేదీన ఇలస్ట్రియస్ అను బ్రిటిషు నౌకనుండి బరకూడా, కోర్సేర్ విమానములు పోర్టు బ్లేరుపై దాడిచేసెను. కోర్సేరు రెక్కలు కాయమువద్ద క్రిందికి వంగి మరల పైకి లేచును గనుక ఒకసారి చూచినవాడు మరువడు. 1945 అక్టోబరులో జింఖానా మైదానమున జపానువారు బ్రిగేడియర్ సాలమన్స్ ఎదుట లొంగిపోయిరి. హంఫ్రేగంజ్‌లో నేడు స్మారకచిహ్నము కలదు.

గుర్తింపునకు ప్రతివిద్య మరుగుపరచుట. 1971 యుద్ధమున దానికి అండమానులు తోడ్పడెను. మన విక్రాంత్ నౌక ఉత్తర అండమానునందలి పోర్టు కార్న్‌వాలిస్‌లో మరుగున నుండగా, అది విశాఖ చెంతనే యున్నదని శత్రువు నమ్మునట్లు రాజ్‌పుత్ నౌకనుండి రేడియోవార్తలు పంపిరి. దానిని వెదకుచు వచ్చిన ఘాజీ జలాంతర్గామి డిసెంబరు 3-4 తేదీల నడిమి రాత్రి విశాఖ తీరమున మునిగిపోయెను.

యుద్ధమునకై పుట్టిన ఈ విద్య తరువాత శాంతికి దాసి యగుట గమనింపదగినది. 1954లో జెనీవా ఒప్పందములపై వియత్నాము, లావోసు, కంబోడియాలలో ఏర్పడిన పర్యవేక్షణ సంఘములకు భారతదేశము అధ్యక్షత వహించెను. కెనడా, పోలండు సభ్యులు. వియత్నాములోనికి క్రొత్త ఆయుధములు రాకూడదు. పాడైనదానికి బదులుగా అదే రకపు వస్తువును, ఒకదానికి ఒకటి చొప్పున తేవచ్చును. 'అదే రకము' అవునో కాదో తేల్చవలెనన్నచో రేవులందును విమానాశ్రయములందును నిలిచిన అధికారికి ఆయుధముల రూపురేఖలు తెలిసియుండవలయును. ఐక్యరాజ్యసమితి సైనిక పరిశీలకులు నేటికిని ఆయుధము ధరింపరు. చూపును, వ్రాతయును వారి ఆయుధములు. దూరమున దుమ్ము రేపుకొనుచు వచ్చు బండి చక్రములపై నడచుచున్నదా, గొలుసు పట్టాలపై నడచుచున్నదా? పైన తిరుగు గోపురము కలదా? ఫిరంగిగొట్టము పొడవైనదా, పొట్టిదా? సైనికులను మోయు కవచపు బండిని టాంకు అని వ్రాసినచో ఒక పక్షము ఒప్పందము నుల్లంఘించినదను నింద పడును. ఆ నిందనుండి కాల్పులు పుట్టవచ్చును.

అందుచేత పరిశీలకునికి ప్రథమనియమ మొకటి కలదు. చూచినదానిని వ్రాయవలెను, ఊహించినదానిని చూచినట్లు వ్రాయరాదు. ఎన్ని, ఎచ్చట, ఏ గంటకు, ఏ దిక్కునకు అనునవి మొదట. ఏ రకమో తేలనిచో తేలలేదనియే వ్రాయవలెను. కార్యాలయములలో దస్త్రములు వ్రాయువారికి సయితము ఈ నియమము క్రొత్తది కాదు. హంఫ్రేగంజ్ వద్ద కాల్చబడిన 44 మందిని శిక్షించినవారు చూచినదేమియు లేదు. అనుమానించినది మాత్రమే కలదు. అనుమానమును సాక్ష్యముగా వ్రాసికొన్న అధికారము ఎంతటి ఘోరమునకు ఒడిగట్టునో ఆ గ్రామము చెప్పుచున్నది. విమానమును గుర్తింపలేనివాడు ఒక పట్టణమును పోగొట్టుకొనవచ్చును. మనిషిని గుర్తింపలేనివాడు ధర్మమునే పోగొట్టుకొనును.