సీసం లేని పిడికిళ్లు

మా నాగర్‌కర్నూల్ వైపు కొన్ని ఊళ్లలో హనుమంతుడి గుడి ముందు ఒక గుండు కనిపిస్తుంది. వేపచెట్టు నీడన, నున్నగా, సగం మట్టిలో దిగబడి ఉంటుంది. ఎప్పుడో ఎవరో దాన్ని భుజానికెత్తుకుని గుడి చుట్టూ తిరిగాడని ఊరు చెప్పుకుంటుంది. ఎత్తినవాడు పోయి ఎన్నేళ్లయినా సరే, నమ్మనివాడికి ఒక దారి ఉంది. వంగి, గుండు కిందికి చేతులు పోనిచ్చి, ఎత్తి చూడొచ్చు. ఇరవయ్యేళ్ల పొగరులో నేనూ చూశాను. గుండు కదల్లేదు, నా నడుమే కదిలింది. పేరైనా తెలియని ఆ మనిషి మీద నాకు ఆ రోజే గురి కుదిరింది.

గుద్దుకు అట్లాంటి సాక్ష్యం లేదు. పడిన క్షణంలోనే గాలిలో కలిసిపోతుంది. మిగిలేవి రెండే, తిన్నవాడి ముఖం, చూసినవాడి మాట. ముఖం నెలకు మానుతుంది. మాట నూరేళ్లలో మర్రిమానవుతుంది.

గ్లౌజులు లేని కాలంలో, ఉత్త పిడికిళ్లతో కొట్టుకున్న ఆ తొలినాటి ఇంగ్లండు ముష్టియోధుల్లో ఎవరి గుద్దు బరువైనదని అడిగితే అందుకే ఎవరూ తెగేసి చెప్పలేరు. జాక్ బ్రాటన్ అంటారు కొందరు. జాన్ జాక్సన్ అంటారు ఇంకొందరు. ఎక్కువమంది టామ్ క్రిబ్ పేరు చెప్తారు. నన్నడిగితే, ఛాంపియన్ కాలేకపోయిన ఒకడి పేరు చెప్తాను. టామ్ మోలినో.

అతను ఓడిపోయాడు. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో దాచడానికేమీ లేదు. క్రిబ్ చేతిలోనే రెండుసార్లు ఓడిపోయాడు. ముప్పై నాలుగేళ్లకే, కన్నదేశానికీ పెంచుకున్న దేశానికీ దూరంగా, ఐర్లండులోని గాల్వేలో, ఒక పటాలం బ్యాండు గదిలో కన్నుమూశాడు. అన్నీ తెలిసే చదువుతాను. చదివిన ప్రతిసారీ ఆ ఒక్క అర నిమిషం దగ్గర ఆగిపోతాను. ఈసారైనా ఆ ముప్పై సెకన్లు ముప్పై సెకన్లకే ముగిసిపోతే బాగుండునని.

ఆ అర నిమిషం సంగతి అర్థం కావాలంటే అప్పటి బరి తెలియాలి. రౌండంటే ఇప్పటిలా మూడు నిమిషాల లెక్క కాదు. ఇద్దరిలో ఒకడు నేల మీద పడితే రౌండు అయిపోయినట్టు. పడినవాడు అర నిమిషంలో లేచి, బరి నడుమ గీత దగ్గరికి వచ్చి నిలబడాలి. రాలేకపోతే ఓడినట్టే. 1743లో బ్రాటన్ రాసిపెట్టిన కట్టుబాటు అది. అలసినవాడు ఊపిరి తిప్పుకోవడానికి తనంతట తానే పడిపోవడమూ ఉండేది. కాబట్టి ఎన్నిసార్లు పడగొట్టాడన్నది గుద్దుకు కొలత కాదు. ఎన్ని రౌండ్లు నడిచిందన్నదీ కాదు. 1889లో అమెరికాలో సలివన్, కిల్రెయిన్ ఉత్త చేతులతో 75 రౌండ్లు కొట్టుకున్నారు. ఆ రకం పెద్ద పోటీల్లో అదే ఆఖరిది. అయినా దాన్నిబట్టి ఎవరి చెయ్యి ఎంత బరువో తేల్చడం కష్టం. పైగా తల ఎముక గట్టిది, వేళ్ల ఎముకలు సన్నవి. ఉత్త చేత్తో తల మీద గట్టిగా గుద్దితే ముందు విరిగేది గుద్దినవాడి చెయ్యే. బోధన్ దగ్గర హున్సాలో హోలీ నాడు పిడిగుద్దులాట ఆడతారు. తాడుకు అటొకరు ఇటొకరు నిలబడి కాసేపు గుద్దుకుని, ఆ వెంటనే అలాయ్‌బలాయ్ తీసుకుంటారు. వాళ్లనడిగితే ఈ ముక్క నాకన్నా బాగా చెప్తారు.

1810 డిసెంబరు 18, మంగళవారం. లండన్‌కు దక్షిణాన, ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దగ్గర కాప్‌థాల్ కామన్ అనే బయలు. ఎముకలు కొరికే చలి, పైన ముసురు. ఆ బురదలో వేలమంది నిలబడ్డారు.

ఒకవైపు టామ్ క్రిబ్. బ్రిస్టల్ దగ్గర పుట్టాడు, పిల్లవాడిగా లండన్ చేరి రేవులో బొగ్గు మూటలు మోశాడు. మన మాటలో హమాలీ. నెమ్మదిగా కదులుతాడు, ఎంత తిన్నా నిలబడతాడు. అప్పటికి ఇంగ్లండు ఛాంపియన్. చెడ్డవాడు కాడు. ఈ కథలో నాకు కోపం తెప్పించేవాళ్లు ఉన్నారు గానీ వాళ్లలో క్రిబ్ లేడు.

రెండోవైపు మోలినో. అమెరికాలో బానిసగా పుట్టాడని చెప్తారు, వర్జీనియా అంటారు. యజమాని కాసిన పందెంలో ఇంకో బానిసను కొట్టి గెలిచి స్వేచ్ఛ పొందాడన్న కథ కూడా ఉంది. దానికి నేను పూచీ పడను. సముద్రం దాటి లండన్ చేరాడన్నదీ, అక్కడ బిల్ రిచ్‌మండ్ అతన్ని చేరదీశాడన్నదీ మాత్రం నిజం. రిచ్‌మండ్‌ది కూడా నల్ల ఒళ్లే, అతనూ అమెరికాలో బానిసగా పుట్టినవాడే. 1805లో ఇదే క్రిబ్ చేతిలో ఓడాడు. తన వల్ల కానిది ఈ కుర్రవాడి వల్ల అవుతుందని ఆ వస్తాదు ఆశపడ్డాడు.

పందేలన్నీ క్రిబ్ మీదే. నల్లవాడు ఎంతసేపు నిలుస్తాడన్నదే చాలామందికి పందెం. నిలిచాడు. నిలవడమే కాదు, కొట్టాడు. రౌండ్లు గడిచేకొద్దీ క్రిబ్ ముఖం గుర్తుపట్టలేకుండా పోయింది. పంతొమ్మిదో రౌండులో మోలినో అతన్ని తాళ్లకు అదిమిపెట్టి పట్టుకుంటే జనం తాళ్లు తెంచుకుని బరిలోకి తోసుకొచ్చారనీ, ఆ తోపులాటలో మోలినో వేలు ఒకటి దెబ్బతిన్నదనీ అప్పటినుంచీ చెప్పుకుంటూ వస్తున్నారు.

తర్వాత ఇరవై ఎనిమిదో రౌండు. క్రిబ్ పడ్డాడు, లేవలేదు. అర నిమిషం గడిచింది. గీత దగ్గర మోలినో ఒక్కడే నిలబడి ఉన్నాడు, వానలో. కట్టుబాటు ప్రకారం ఇంగ్లండు ఛాంపియన్ ఇక మారిపోయినట్టే. అప్పుడు క్రిబ్ పక్షాన నిలబడ్డ జో వార్డ్ పరుగెత్తుకుంటూ వచ్చి గొడవకు దిగాడంటారు. నల్లవాడు పిడికిళ్లలో సీసం గుళ్లు దాచుకుని కొడుతున్నాడని! రిచ్‌మండ్ మండిపడ్డాడు, మాటకు మాట పెరిగింది. మోలినో పిడికిళ్లు విప్పి చూపించాల్సి వచ్చింది. ఖాళీ. అరచేతుల్లో వాన నీళ్లు తప్ప ఏమీ ఉండి ఉండదు. ఈలోగా రెండు నిమిషాలో ఇంకెంతో గడిచింది, క్రిబ్‌కు స్పృహ వచ్చింది.

సీసం గుళ్ల సంగతి ఉన్నదున్నట్టు జరిగిందా, తర్వాత చిలవలు పలవలు వేసిందా అని చరిత్రకారులు తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. పడనీ. నాకు మాత్రం ఆ కాలపు గుద్దులన్నిటిలో తూకం దొరికింది ఆ ఒక్కదానికే అనిపిస్తుంది. లోపల లోహం ఉంటే తప్ప ఇంత బరువు సాధ్యం కాదని శత్రువు నోటితోనే అనిపించిన చెయ్యి అది. పొగడ్తగా ఆ మాట ఎవరూ అనలేదు. నేరంగా అంటగట్టారు. అందుకే నమ్ముతున్నాను.

రిచ్‌మండ్ ఆ క్షణంలో వాదన మాని, వేళ్లు లెక్కపెడుతూ పెద్దగొంతుతో ముప్పై దాకా చదివి ఉంటే? మధ్యవర్తుల్లో ఒక్కడు, ఒకే ఒక్కడు, జేబు గడియారం తీసి చూపి ఉంటే? ఆ రోజు ముసురు పట్టకుండా ఉంటే? ఆ చలికి అలవాటు పడని ఒళ్లు మోలినోది. తర్వాతి రౌండ్లలో గజగజ వణికాడు. పడుతూ తల బరి గుంజకు కొట్టుకున్నాడు. అయినా లేచాడు, మళ్లీ లేచాడు. ముప్పై రౌండ్లు దాటాక, దాదాపు గంటసేపు కొట్టుకున్నాక, ఇక తన వల్ల కాదని తనే చెప్పాడు.

మూడు రోజులకు క్రిబ్‌కు ఒక ఉత్తరం రాశాడు, పత్రికల్లో అచ్చయింది. ఆ వాతావరణం లేకపోతే తనే గెలిచేవాడినని మిత్రులు అనుకుంటున్నారనీ, మళ్లీ తలపడదామనీ అడిగాడు. చివర ఇంకో మాట ఉంది. తాను ఆశ్రయం కోరి వచ్చిన ఈ జనం మధ్య తన ఒంటి రంగు తనకు అడ్డం రాదని నమ్ముతున్నానన్నాడు. ఫిర్యాదు లేదు, నిష్ఠూరం లేదు. ఇంటికొచ్చిన చుట్టం వాకిట్లో చెప్పులు విడుస్తూ అడిగినంత మర్యాదగా అడిగాడు.

తర్వాతి తొమ్మిది నెలలు ఉన్నాయే, వాటిని తలచుకుంటే ఓటమికన్నా ఎక్కువ బాధేస్తుంది. క్రిబ్‌ను కెప్టెన్ బార్క్‌లే స్కాట్లండు తీసుకుపోయాడు. 1809లో వెయ్యి గంటల్లో, గంటకొక మైలు చొప్పున, వెయ్యి మైళ్లు నడిచి పేరు తెచ్చుకున్న మనిషి బార్క్‌లే. క్రిబ్‌ను కొండలెక్కించాడు, తిండి కట్టడి చేశాడు. వంద కిలోలున్నవాణ్ని ఎనభై అయిదుకు దించాడు. ఒక్క మనిషి గుద్దు భయానికి ఒక ఛాంపియన్ తన ఒంట్లోంచి పదిహేను కిలోలు తీసేసుకున్నాడు. ఇదీ ఒక తూకమే.

మోలినో ఆ నెలలన్నీ ఊరూరా ప్రదర్శనలిచ్చాడు. కొత్త బట్టలు, బీరు, పొగిడే జనం. నిన్నటిదాకా ఎవరూ కూచోమననివాడికి ప్రతి సారా కొట్లోనూ కుర్చీ వేశారు. డబ్బు వచ్చినట్టే వచ్చి పోయింది, రిచ్‌మండ్‌కు బాకీ పెరిగింది. ఇక్కడ నాకు మా పాలమూరు లేబర్ గుర్తొస్తారు. అడ్వాన్సు తీసుకుని గుంపు మేస్త్రీ వెంట బస్సెక్కి, ఎవరి ఊరికో ఆనకట్ట కట్టి, లెక్క చూసుకుంటే ఇంకా తామే బాకీ ఉన్న మనుషులు. రిచ్‌మండ్‌ను మేస్త్రీతో పోల్చడం అన్యాయమేనేమో, అతను ప్రేమించాడు కూడా. కానీ ఆ బలమైన చేతులకు తిండి ఇంత, నిద్ర ఇంత, సాధన ఇంత అని లెక్కగట్టే బార్క్‌లే ఒకడు దొరికి ఉంటే!

1811 సెప్టెంబరు 28, థిసిల్టన్ గ్యాప్ అనే చోట రెండో పోటీ. ఆ పొద్దున మోలినో ఒక ఉడికించిన కోడి, ఒక ఆపిల్ పై, దాని మీద కడుపు నిండా నల్లబీరు పట్టించాడని చెప్తారు. అయినా మొదటి రౌండ్లలో ఆ చెయ్యి పాత చెయ్యే. క్రిబ్ కన్ను ఉబ్బి మూసుకుపోతుంటే, వెనకనున్న జాన్ గల్లీ ఆ వాపును కత్తితో గాటు పెట్టి, నెత్తురు కార్చి, చూపు తెరిపించాల్సి వచ్చింది. ఆ కంటితోనే క్రిబ్ మోలినో పొట్ట మీద, పక్కటెముకల మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఊపిరి తరిగిపోయింది. తొమ్మిదో రౌండులో దవడ విరిగింది. విరిగిన దవడతో ఇంకా లేచి గీత దగ్గరికి వచ్చాడు. పదకొండో రౌండుతో అయిపోయింది, ఇరవై నిమిషాలైనా పట్టలేదు. గెలిచినవాడు ఆనందం పట్టలేక బరి మీదే చిందేశాడు. ఓడినవాణ్ని మోసుకుపోయారు.

ఆ పోటీలన్నిటినీ గ్రంథస్థం చేసిన పియర్స్ ఈగన్ తర్వాత నిజం ఒప్పుకున్నాడు. మొదటి పోటీలో మోలినోకు గెలుపు దక్కకుండా చేసింది అతని రంగేనన్న అర్థం వచ్చేలా రాశాడు. మంచి మాటే. కానీ పుస్తకంలో పడ్డ న్యాయం దవడను అతికించదు.

రిచ్‌మండ్‌తో తెగిపోయింది. మోలినో సంతల్లో డేరాలు వేసుకుని, వచ్చినవాడితో వచ్చినట్టు గుద్దులాడాడు. 1815లో స్కాట్లండులో జార్జ్ కూపర్ అనేవాడు కొట్టాడు. తర్వాత సముద్రం దాటి ఐర్లండు. ఒళ్లు కరిగిపోయింది, దగ్గు పట్టుకుంది. తాగుడు ఎలాగూ వదల్లేదు. క్రిబ్ మాత్రం లండన్‌లో సారా కొట్టు పెట్టుకుని ముసలితనం చూశాడు. ఆ కొట్టుకు రిచ్‌మండ్ వచ్చి కూచునేవాడు. పాత శత్రువులిద్దరూ చివరిదాకా స్నేహంగా ఉన్నారు. 1829 డిసెంబరులో రిచ్‌మండ్ తన ఆఖరి సాయంత్రం గడిపింది క్రిబ్ దగ్గరేనట. ఆ బల్ల దగ్గర మూడో మనిషి గురించి వాళ్లు ఎన్నిసార్లు మాట్లాడుకున్నారో.

మూడో మనిషి అప్పటికి పదకొండేళ్ల కిందటే పోయాడు. 1818 ఆగస్టు 4, గాల్వే. డెబ్బై ఏడో పటాలం బ్యాండు గది. డోళ్లు, బాకాలు పెట్టుకునే చోటు. ఆ పటాలంలో బ్యాండు వాయించే నల్లవాళ్లు అతనికి ఇంత తిండి పెట్టి, నీడనిచ్చి, ఆఖరిదాకా కనిపెట్టుకుని ఉన్నారు. ప్రాణం పోయాక ఆ చేతులు ఛాతీ మీదికి సర్దినవాళ్లూ వాళ్లే అయి ఉంటారు. విరిగి అతికిన వేళ్లు, మొద్దుబారిన కణుపులు. ఎత్తి పట్టుకున్నప్పుడు ఎముకల బరువు తప్ప ఆ చేతుల్లో ఇంకే బరువూ ఉండి ఉండదు.