న్యూగ్రేంజ్ సమాధిలో సూర్యోదయం

ఐర్లండ్‌లోని మీత్ కౌంటీలో, బోయిన్ నది పక్కన మిట్ట మీద, ఎకరం నేల మీద పరుచుకున్న గుండ్రటి సమాధి దిబ్బ న్యూగ్రేంజ్. క్రీ.పూ. 3200 ప్రాంతంలో, లోహమన్నది ఎరుగని రైతులు దీన్ని కట్టారు. గిజా పిరమిడ్లు అప్పటికింకా లేవు. దిబ్బ చుట్టూ 97 పెద్ద రాళ్లు. లోపలికి 19 మీటర్ల ఇరుకు దారి, దాని చివర మూడు అరలున్న గది.

ద్వారం బయటపడింది 1699లో. చార్లెస్ క్యాంప్‌బెల్ అనే భూస్వామి రాళ్ల కోసం దిబ్బను తవ్విస్తుంటే కనిపించింది. ఆ ఏడే చూడవచ్చిన వేల్స్ పండితుడు ఎడ్వర్డ్ లూయిడ్, దిబ్బ మీద దొరికిన రోమన్ నాణేన్ని బట్టి ఇది డేన్‌ల (వైకింగ్‌ల) దాడులకు ముందుదేనని, పాత ఐరిష్ వారి పనేనని సరిగ్గానే ఊహించాడు. అయినా 1726లో థామస్ మాలినూ దీన్ని డేన్‌లకే కట్టబెట్టాడు. తర్వాతి వాళ్లు ఇంకా దూరం వెళ్లి ఈజిప్టు, ఫినీషియా పేర్లు తెచ్చారు. స్థానికుల పూర్వీకులకు ఇంత తెలివి ఉంటుందని నమ్మలేకపోవడమే ఈ ఊహలన్నిటికీ మూలమని నాకనిపిస్తుంది.

1962లో పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ ఓ'కెల్లీ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. ఏడాదిలో ఒకరోజు ఉదయపు ఎండ లోపలి గదిని తాకుతుందని జనం చెప్పుకునేవారు. ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ సంగతిని దీనికి అంటగడుతున్నారని మొదట ఆయన అనుకున్నాడు. కానీ ద్వారం పైన రాళ్ల మధ్య ఒక చిన్న గవాక్షం బయటపడటంతో ఆ మాటను పరీక్షించి చూశాడు. 1967 డిసెంబర్ 21న, ఏడాదిలో అతి చిన్న పగలు మొదలవుతున్న వేళ, సూర్యకిరణం ఆ గవాక్షంలోంచి గది దాకా వచ్చింది. దాదాపు 17 నిమిషాలు నిలిచింది.

అసలు నేర్పు కట్టడంలో ఉంది. దారి లోపలికి పోయేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. గది నేల ద్వారం కన్నా సుమారు 2 మీటర్లు ఎత్తున ఉంటుంది. అందుకే ద్వారంలోంచి వచ్చే వెలుగు గదిని అందుకోలేదు. గవాక్షం మాత్రం గది నేలతో దాదాపు సమానమైన ఎత్తులో ఉంది. దాన్ని మూయడానికి వాడిన తెల్లటి స్ఫటిక రాయిని ఎన్నోసార్లు లాగి, తోసిన గీతలు మిగిలాయి. ద్వారానికి బండ అడ్డుపెట్టినా వెలుగుకు దారి ఉండేది. ఈ అమరిక కాకతాళీయం కాదని 1974లో పరిశోధకుడు జాన్ పాట్రిక్ కొలతలతో చూపాడు. భూమి అక్షం వాలు కొద్దిగా మారినందువల్ల ఇప్పుడు సూర్యోదయమైన నాలుగు నిమిషాలకు కిరణం లోపలికి వస్తోంది. కట్టిన రోజుల్లో సూర్యోదయంతోపాటే వచ్చేది.

దిబ్బ ముందు ఓ'కెల్లీ నిలబెట్టించిన తెల్ల స్ఫటికపు గోడ మాత్రం నేటికీ వాదాంశమే. నిటారుగా అలా ఉండేదనడానికి ఆధారం చాలదని అన్నవాళ్లున్నారు. ఆ సందేహం న్యాయమైనదే. అయితే అది గోడ రూపానికి సంబంధించినదే, వెలుగు అమరికకు కాదు.

1993లో న్యూగ్రేంజ్ ఉన్న ఈ బోయిన్ లోయ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శీతాకాల అయనాంతపు ఉదయాల్లో లోపల నిలబడేవారిని ఇప్పుడు లాటరీ తీసి ఎంచుతున్నారు. 2020లో ఈ సమాధిలోని ఒక పురుషుడి ఎముకల డీఎన్ఏ పరీక్షించగా, అతని తల్లిదండ్రులు ఒకే కడుపున పుట్టినవారో, తల్లిబిడ్డలో తండ్రీకూతుళ్లో అయి ఉంటారని తేలింది. రాజవంశమే ఇలా పెళ్లాడి ఉంటుందని పరిశోధకులు ప్రతిపాదించారు. ఒక్క మనిషిని బట్టి అంత పెద్ద మాట చెప్పలేమని మరికొందరు వాదిస్తున్నారు.